పురుషోత్తమ చౌదరి

పురుషోత్తమ చౌదరి (సెప్టెంబరు 5, 1803 - ఆగష్టు 24, 1890) తెలుగు క్రైస్తవ కీర్తనకారుడు, బోధకుడు మరియు గ్రంథకర్త. ఈయన నేటి శ్రీకాకుళం జిల్లా టెక్కలి ప్రాంతమునకు చెందినవాడు. బ్రాహ్మణ వైష్ణవ కుటుంబములో పుట్టి, 1833లో కటకములో బాప్తిస్మము పొంది, తరువాతి జీవితమంతా సువార్త ప్రకటనకు, కీర్తన రచనకు వెచ్చించాడు. ఈయన సుమారు 130 కీర్తనలు రచించాడు. వాటిలో పలు కీర్తనలు తెలుగు ప్రొటెస్టంటు సంఘములు వాడుచున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో చోటు చేసుకున్నవి. తెలుగు క్రైస్తవులు ఈయనను క్రైస్తవ పదకవితా పితామహుడని గౌరవముగా పేర్కొంటారు.

దైవము కొరకు కులమును, ఆస్తిని, బంధువర్గమును వదులుకొన్న వ్యక్తిగా ఈయన జీవితము సంఘములలో తరచుగా ఉదాహరణగా చెప్పబడుచున్నది. అయితే ఈయన తన పేరును, భాషను, సంగీతమును, పుట్టిన ప్రాంతమును విడిచిపెట్టలేదు. ఏది వదిలాడు, ఏది నిలుపుకొన్నాడు అను రెండింటినీ కలిపి చూచినపుడే ఈయన జీవితము సరిగా అర్థమవుతుంది.

పుట్టిన ప్రాంతము

పురుషోత్తమ చౌదరి టెక్కలి తాలూకాలో పర్లాకిమిడి సమీపమునగల మదనపురము గ్రామములో జన్మించాడు. ఆనాడు ఈ ప్రాంతము మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు పర్లాకిమిడి పట్టణము ఒరిస్సాలో చేరినది. టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతములు మద్రాసు ప్రెసిడెన్సీలోనే విశాఖపట్నం జిల్లాలో కలిసినవి. 1950 ఆగష్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడగా ఇవి ఆ జిల్లా భాగములైనవి.

టెక్కలికి ఈశాన్యముగా పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి వరకు సముద్రము వెంబడి వ్యాపించిన తోటల ప్రాంతమును ఉద్దానం అంటారు. ఉద్యానవనము అను మాటయే వాడుకలో ఉద్దానమైనదని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలకు ఈ ప్రాంతము ప్రసిద్ధి. పలాస జీడిపప్పు వ్యాపారమునకు కేంద్రము. ఇక్కడి గ్రామములలో తెలుగు, ఒరియా భాషలు రెండూ ఇంటి భాషలుగా వినిపిస్తాయి. దక్షిణమున శ్రీకూర్మము, ఉత్తరమున పూరీ జగన్నాథ క్షేత్రము ఉండుట వలన ఈ తీరము వైష్ణవ యాత్రికుల మార్గములో ఉన్నది.

ఈ రెండు క్షేత్రముల ప్రభావము చౌదరి కుటుంబపు పేర్లలోనే కనిపిస్తుంది. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి, తల్లి పేరు సుభద్రాదేవి. కూర్మనాథుడు శ్రీకూర్మములోని దైవము. సుభద్ర పూరీ ఆలయములో జగన్నాథ, బలభద్రుల నడుమ కొలువైన దేవత. పూరీకి పురుషోత్తమ క్షేత్రమను పేరు కలదు. ఈ కుటుంబము బెంగాలు నుండి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ వంశమునకు చెందినది.

విద్యాభ్యాసము

ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబముల ఆచారము ప్రకారము పురుషోత్తముడు బాల్యములోనే చదువు ప్రారంభించాడు. తెలుగు, ఒరియా, సంస్కృత భాషలు నేర్చుకున్నాడు. తెలుగు పద్య రచనకు కావలసిన ఛందో పరిజ్ఞానము, కీర్తన రచనకు కావలసిన రాగ తాళ పరిచయము ఈయనకు ఉన్నట్లు తరువాతి రచనలే సాక్ష్యమిస్తున్నవి. ఇంటి సంప్రదాయము వైష్ణవ భక్తి. శరణాగతి, నామ సంకీర్తన, దైవ పాదాశ్రయము వంటి భావములు ఈయనకు చిన్ననాటి నుండి పరిచితములు. ఇవే మాటలు తరువాతి కాలములో ఈయన క్రైస్తవ కీర్తనలకు పదసంపద అయినవి.

నాటి క్రైస్తవ మిషనులు

పంతొమ్మిదవ శతాబ్దపు ఆరంభములో ఈ తీరమునకు దక్షిణమున విశాఖపట్నము, ఉత్తరమున కటకము ప్రొటెస్టంటు మిషను కేంద్రములుగా ఉండేవి.

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జి క్రాన్, ఆగస్టస్ డె గ్రాంజి 1805లో విశాఖపట్నము చేరారు. ఆనందరాయరు అను బ్రాహ్మణ క్రైస్తవుని సహాయముతో వారు సువార్తలను తెలుగులోనికి అనువదింప ప్రారంభించారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. అదే మిషనుకు చెందిన ఎడ్వర్డు ప్రిచెట్ అనువదించిన తెలుగు క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో ముద్రితమైనది. పురుషోత్తముడు యువకుడగు నాటికి తెలుగు చదువగలవాడెవడైనను సువార్తలను సొంత భాషలో చదువుటకు వీలు కలిగినది.

ఉత్తరమున ఇంగ్లండుకు చెందిన జనరల్ బాప్తిస్టు మిషనరీలు విలియం బాంప్టన్, జేమ్స్ పెగ్స్ 1822లో కటకము చేరారు. బరంపురములో 1827 డిసెంబరు 25న వారి మిషనులో తొలి బాప్తిస్మము జరిగినది. అది పొందినవాడు ఒక తెలుగు నేతపనివాడు. మరుసటి సంవత్సరము గంగాధర సారంగి అను ఒరియా బ్రాహ్మణుడు కటకములో క్రైస్తవుడైనాడు. ఈ మిషనరీలు సంతలలోను, యాత్రా స్థలములలోను బోధించి కరపత్రములు పంచేవారు. చేతికి వచ్చిన కరపత్రము గ్రామమునకు చేరి, చదువు వచ్చినవాని ద్వారా పదిమందికి వినబడేది.

అన్వేషణ మరియు బాప్తిస్మము

పురుషోత్తముడు యౌవనములో ఒక క్రైస్తవ కరపత్రమును చదివి ఆలోచనలో పడినాడు. విగ్రహారాధన, పాపము, రక్షణ అను విషయములపై ఈయన మనస్సులో ప్రశ్నలు మొదలైనవి. ఈ మార్పు ఒక్కరోజులో జరిగినది కాదు. శ్రీకాకుళములో నివసించుచున్న హెలెన్ నాట్ అను క్రైస్తవ మహిళతో కలిగిన పరిచయము ఈయన క్రైస్తవ విశ్వాసమును తెలిసికొనుటకు తోడ్పడినది.

చివరకు ఈయన కటకము వెళ్ళి, 1833లో అక్కడి బాప్తిస్టుల వద్ద బాప్తిస్మము తీసుకున్నాడు. అప్పటికి వయస్సు ముప్పది సంవత్సరములు. టెక్కలి నుండి కటకము సుమారు 300 కిలోమీటర్లు. ఈ తీరమున రైలు మార్గము పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకములో గాని రాలేదు. ఇచ్ఛాపురం, బరంపురం మీదుగా ఉత్తరమునకు సాగు ఆ దారి పూరీ యాత్రికుల దారియే. తన ఇంటివారు జగన్నాథ దర్శనమునకు వెళ్ళు దిక్కుననే ఈయన మరొక నిర్ణయముతో ప్రయాణించాడు.

విడిచిపెట్టినవి

ఆనాటి సమాజములో బ్రాహ్మణుడు బాప్తిస్మము తీసుకొనుట కేవలము ఆరాధనా పద్ధతిని మార్చుకొనుట కాదు. దాని ఫలితములు అనేకము.

మొదటిది కులము. యజ్ఞోపవీతమును తీసివేసి, ఇతర కులములవారితో కలిసి భుజించినవాడు కులమునకు వెలి అయ్యేవాడు. బంధువుల ఇండ్లలో పెండ్లికి, విందుకు, కర్మకు ఆ వ్యక్తికి పిలుపు ఉండదు. అతనితో కలిసి తినినవారికి కూడ ప్రాయశ్చిత్తము విధింపబడేది.

రెండవది ఆస్తి. నాటి హిందూ ధర్మశాస్త్రము అమలు ప్రకారము పతితుడైనవానికి పిత్రార్జితములో భాగము ఉండదు. మతము మారుట వలన గాని, కులభ్రష్టత వలన గాని వారసత్వ హక్కు పోరాదని శాసించిన చట్టము, అనగా కులపరమైన అనర్హతల తొలగింపు చట్టము, 1850లో వచ్చినది. పురుషోత్తముని బాప్తిస్మము దానికి పదునేడు సంవత్సరముల ముందు జరిగినది. కావున ఈయన కటకము వెళ్ళినపుడు తన వెనుక చట్టపరమైన రక్షణ ఏదియు లేదు. భూమియే కుటుంబమునకు జీవనాధారము, గౌరవము అయిన ప్రాంతములో ఇది చిన్న నష్టము కాదు.

మూడవది, అన్నింటికంటె బరువైనది, తల్లిదండ్రుల పట్ల కుమారునికి గల ధర్మము. హిందూ కుటుంబములో మరణించిన తల్లిదండ్రులకు పిండప్రదానము, శ్రాద్ధము జరుపవలసినవాడు కుమారుడు. క్రైస్తవుడైన కుమారుడు ఆ కర్మకు పనికిరాడు. కావున అతని నిర్ణయము బ్రతికియున్నవారి మనస్సునే కాక, వారి పరలోక చింతను కూడ తాకేది. క్రైస్తవుడైన కుమారుని తల్లిదండ్రులు మరణించినవానిగా భావించి దుఃఖించుటకు ఇది ముఖ్య కారణము. ఆ దుఃఖమును మూఢత్వమని తోసివేయుట చరిత్రకు న్యాయము కాదు. ఇరువైపుల వారికిని అది ధర్మ సంకటమే.

ఇటువంటి సంఘటనలు తెలుగు ప్రాంతములో ఆ తరువాత కూడ జరిగినవి. మచిలీపట్నములో రాబర్టు నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాలలో చదువుచున్న మంచాల రత్నం, ఐనాల భూషణం 1852లో బాప్తిస్మము తీసుకున్నపుడు పట్టణములో పెద్ద కలకలము రేగినది. తల్లిదండ్రులు తమ పిల్లలను బడి నుండి మాన్పించుటతో పాఠశాల దాదాపు ఖాళీ అయినది. చట్టము వచ్చిన తరువాత, ఒక పట్టణములో, పాఠశాల అండ ఉండగా జరిగిన ఘటన అది. అంతకు ఇరువది సంవత్సరముల ముందు, మారుమూల గ్రామము నుండి వచ్చిన పురుషోత్తమునికి అటువంటి అండ కూడ లేదు.

కుటుంబము

పురుషోత్తముడు వివాహితుడు. బాప్తిస్మము నాటికి గృహస్థాశ్రమములో ఉన్నవాడు. ఇల్లు వదలి క్రైస్తవుడైన భర్తతో వెళ్ళుటయా, పుట్టినింటివారి మాట విని ఆగుటయా అను ప్రశ్న నాటి భార్యలకు ఎదురయ్యేది. భర్త తీసుకున్న నిర్ణయపు భారము భార్యపై కూడ పడేది, ఆమె అభిప్రాయము అడిగినవారు అరుదు. కాలక్రమములో పురుషోత్తముని భార్య ఆయనను చేరుకున్నది. వారి ఇల్లు క్రైస్తవ గృహముగా స్థిరపడినది.

భారతదేశపు ఇతర భాషలలోని క్రైస్తవ కవుల జీవితములలో కూడ ఇదే స్థితి కనిపిస్తుంది. మరాఠీ కవి నారాయణ వామన తిలక్ 1895లో బాప్తిస్మము పొందినపుడు ఆయన భార్య లక్ష్మీబాయి ఆయనతో వెళ్ళలేదు. సుమారు అయిదు సంవత్సరములు గడచిన తరువాతనే ఆమె క్రైస్తవురాలైనది. ఆ ఎడబాటు బాధను, తరువాతి కలయికను ఆమె తన ఆత్మకథ స్మృతిచిత్రేలో వివరించింది. తెలుగు నేలపై అటువంటి భార్యలు ఎందరో ఉన్నను, వారి వైపు కథను వ్రాసిపెట్టిన గ్రంథములు అరుదు.

క్రైస్తవ బోధలో ఐహిక బంధముల స్థానము

పురుషోత్తముని నిర్ణయము అర్థము కావలెనన్న ఆయన చదివిన సువార్తలలోని బోధను పరిశీలింపవలెను. మత్తయి సువార్త పదవ అధ్యాయములో తల్లిదండ్రులను గాని, పిల్లలను గాని తనకంటె ఎక్కువగా ప్రేమించువాడు తనకు యోగ్యుడు కాడని యేసు శిష్యులకు బోధించాడు. లూకా సువార్త పదునాలుగవ అధ్యాయములో ఇదే బోధ ఇంకను కఠినమైన మాటలతో ఉన్నది. అక్కడ తన వారిని ద్వేషింపనివాడు శిష్యుడు కాలేడను భావము వస్తుంది. ఈ రెండింటిని కలిపి చదివిన వ్యాఖ్యాతలు ద్వేషమనగా పగ కాదని, దైవప్రేమతో పోల్చినపుడు ఇతర ప్రేమలు రెండవ స్థానములో ఉండవలెనని అర్థము చెప్పుదురు. పాత నిబంధనలో అబ్రాహాము స్వదేశమును, బంధువులను విడిచి బయలుదేరిన వృత్తాంతము ఈ బోధకు పూర్వరూపము.

అయితే అదే సువార్తలలో రెండవ వైపు కూడ ఉన్నది. దేవునికి అర్పించితిమను నెపముతో తల్లిదండ్రుల పోషణను తప్పించుకొనువారిని యేసు గట్టిగా మందలించినట్లు మార్కు సువార్త ఏడవ అధ్యాయములో కనిపిస్తుంది. సిలువపై ఉన్న సమయములో కూడ ఆయన తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించినట్లు యోహాను సువార్త తెలుపుతున్నది. స్వకీయులను, ముఖ్యముగా తన ఇంటివారిని, సంరక్షింపనివాడు విశ్వాసమును త్యజించినవాడగునని తిమోతికి వ్రాయబడిన మొదటి పత్రిక హెచ్చరిస్తున్నది.

ఈ రెండు వైపులను సమన్వయపరచినవారిలో నాలుగు, అయిదు శతాబ్దములకు చెందిన అగస్టీను ముఖ్యుడు. ప్రేమింపదగినవానిని ప్రేమించుటలో తప్పు లేదని, ఆ ప్రేమల క్రమము తలక్రిందులగుటయే తప్పు అని ఆయన సిద్ధాంతము. ఈ దృష్టితో చూచినపుడు దేవుని ముందు నిలుపుట అనగా ఇంటిని, ఊరిని, భాషను అసహ్యించుకొనుట కాదు. అవి దేవుని స్థానమును ఆక్రమింపకుండ చూచుకొనుట. సన్యాసాశ్రమముతో దీనికి పోలిక ఉన్నను భేదము కూడ ఉన్నది. సన్యాసి పూర్వాశ్రమపు పేరును, కుటుంబమును విడిచిపెట్టును. ప్రొటెస్టంటు క్రైస్తవుడు గృహస్థుడుగానే ఉండి తన మమకారములను క్రమపరచుకొనవలెను. పురుషోత్తముని తరువాతి జీవితము ఈ రెండవ కోవకు చెందినది.

నిలుపుకొన్నవి

పలువురు క్రైస్తవులు బాప్తిస్మ సమయములో బైబిలు పేరు గాని, ఆంగ్ల పేరు గాని తీసుకొను ఆచారము ఉన్నది. పురుషోత్తమ చౌదరి మాత్రము తల్లిదండ్రులు పెట్టిన పేరుతోనే జీవితమంతా కొనసాగినాడు. జగన్నాథ క్షేత్రమును గుర్తు చేయు ఆ పేరు క్రైస్తవ కీర్తనల పుస్తకములో కవి పేరుగా అచ్చవుతూనే ఉన్నది.

ఈయన తన పాండిత్యమును కూడ విడువలేదు. ఆంగ్ల గీతములను వాటి బాణీలతో తెలుగులోనికి మార్చి పాడించుట మిషనరీలలో సాధారణము. ఆ గీతములలో తెలుగు మాటల గురు లఘువులు పరదేశ స్వరములకు ఒదుగక తడబడేవి. పురుషోత్తముడు అందుకు భిన్నముగా తెలుగువారికి తెలిసిన కీర్తన రూపమునే ఎన్నుకున్నాడు.

సేవ

బాప్తిస్మము తరువాత పురుషోత్తముడు బోధకుడుగా పని చేశాడు. బాప్తిస్టు మిషనుతోను, లండన్ మిషనుతోను ఈయనకు సంబంధము ఉండేది. శ్రీకాకుళము, విశాఖపట్నము మొదలుకొని కటకము వరకు గల తీరము ఈయన కార్యక్షేత్రము. గ్రామములలో, సంతలలో బోధించుట, కరపత్రములు పంచుట, ప్రశ్నలు అడుగు పండితులతో వాదించుట, క్రొత్తగా చేరినవారికి పాఠములు చెప్పుట ఆనాటి బోధకుని పనులు. శాస్త్రములు తెలిసిన బ్రాహ్మణుడే వచ్చి క్రీస్తును గూర్చి చెప్పుట విన్నవారికి వింతగా ఉండేది. కొందరు ఆసక్తితో వినగా, కొందరు దూషించేవారు.

తన ప్రాంతమును ఈయన శాశ్వతముగా విడిచి పోలేదు. తెలుగు, ఒరియా రెండూ తెలిసినవాడు కావుట వలన ఈ సరిహద్దు తీరమునకు తగిన బోధకుడు అయినాడు. ఏ బంధములనైతే దేవుని కొరకు రెండవ స్థానమునకు త్రోసినాడో ఆ ప్రజల మధ్యనే తన పనిని సాగించాడు.

కీర్తనలు

తెలుగులో క్రైస్తవ సాహిత్యము పురుషోత్తమునికి పూర్వమే ఉన్నది. పదునెనిమిదవ శతాబ్దములో మంగళగిరి ఆనందకవి వేదాంత రసాయనము అను పద్యకావ్యములో క్రీస్తు చరిత్రను రచించాడు. కాని ప్రబంధ శైలిలోని ఆ కావ్యము పండితులకే పరిమితము. చదువు రానివారు, స్త్రీలు, పిల్లలు కలిసి పాడుకొనదగిన రచనలను విరివిగా అందించిన ఘనత పురుషోత్తమునిది.

ఈయన కీర్తనలు పల్లవి, అనుపల్లవి, చరణములతో కర్ణాటక సంగీత సంప్రదాయములో సాగుతాయి. కీర్తనల పుస్తకములో వాటికి రాగ తాళములు సూచింపబడియున్నవి. త్యాగరాజు (1767 - 1847) ఈయనకు సమకాలికుడు. అన్నమాచార్యులు, రామదాసు మొదలైనవారి నుండి వచ్చిన భక్తి కీర్తన సంప్రదాయము తెలుగు దేశమంతటా వినిపించుచున్న కాలమది. ఒకరు పాడగా మిగిలినవారు అందుకొను పద్ధతి భజన గోష్ఠులలో అందరికీ అలవాటైనదే. క్రైస్తవ ఆరాధనలో కూడ ఆ పద్ధతి ప్రవేశించినది. అక్షరములు రానివారు చెవితో విని కీర్తనను నేర్చుకొని, దానితో పాటు బైబిలు కథను, సిద్ధాంతమును నేర్చుకున్నారు.

ఈయన కీర్తనలలో త్రాహిమాం అను పిలుపుతో మొదలగునది, నీ చరణములే అను మాటతో మొదలగునది బహుళ ప్రచారము పొందినవి. త్రాహిమాం అనగా సంస్కృతములో నన్ను కాపాడుమని అర్థము. ఆపదలో భక్తుడు దైవమును పిలుచు ప్రాచీనమైన మొర అది. దైవపాదములే దిక్కని నమ్ముట వైష్ణవ శరణాగతికి మూలము. ఈ రెండు కీర్తనల ఆరంభము చూచినను పురుషోత్తముడు తన పూర్వ భక్తి సంప్రదాయపు భాషను తీసివేయలేదని, దానిని క్రీస్తు వైపునకు మరలించినాడని తెలుస్తుంది.

ఈ కీర్తనలలో తరచుగా కనిపించు భావములు పశ్చాత్తాపము, సిలువ ధ్యానము, క్రీస్తు కరుణ, ఆయనయందు పూర్తి ఆశ్రయము. కవి తన త్యాగములను ఏకరువు పెట్టడు. తాను వదలినవాటి గొప్పతనము కంటె తనకు లభించిన కృప గొప్పదని చెప్పుటయే వాటి ధోరణి. తన యోగ్యత వలన గాక దేవుని దయ వలననే రక్షణ అను ప్రొటెస్టంటు సిద్ధాంతము తెలుగు భక్తుని దైన్యముతో కలిసి ఈ కీర్తనలకు ప్రత్యేకమైన స్వరము నిచ్చినది.

ఈ విషయముపై ఆర్. ఆర్. సుందరరావు పరిశోధన గ్రంథము 1983లో మద్రాసులో ప్రచురితమైనది. ఆంగ్లములో ఉన్న ఈ గ్రంథము పేరు భక్తి థియాలజీ ఇన్ ది తెలుగు హిమ్నల్. తెలుగు క్రైస్తవ కీర్తనలలో భక్తి మార్గపు పరిభాష ఏ విధముగా ఉపయోగపడినదో ఆయన అందులో వివరించాడు. పురుషోత్తముని కీర్తనలు ఈ అధ్యయనములో ప్రముఖ స్థానము పొందినవి.

తమిళములో తంజావూరు వేదనాయక శాస్త్రి (1774 - 1864), తిరునల్వేలి ప్రాంతమునకు చెందిన హెచ్. ఎ. కృష్ణపిళ్ళె (1827 - 1900), మరాఠీలో తిలక్ చేసిన కృషికి తెలుగులో సరితూగునది పురుషోత్తముని కృషి. వీరందరు విదేశీ మిషనుల ద్వారా వచ్చిన విశ్వాసమునకు స్వదేశీ గానమును సమకూర్చినవారు.

ఇతర రచనలు

కీర్తనలే కాక పురుషోత్తముడు పద్య, గద్య రచనలు కూడ చేశాడు. వాటిలో ముఖ్యమైనవి కులాచార పరీక్ష, నిస్తార రత్నాకరము మరియు యేసుక్రీస్తు ప్రభు శతకము.

కులాచార పరీక్ష కులవ్యవస్థను, దాని ఆచారములను క్రైస్తవ దృష్టితో విమర్శించు రచన. కులము వలన గౌరవము పొందిన వర్గములో పుట్టినవాడే ఆ విమర్శ చేయుట గమనింపదగినది. బ్రాహ్మణుడు క్రైస్తవుడైనను మనస్సులో కులగర్వమును దాచుకొనవచ్చును. అది కూడ ఒక ఐహిక బంధమేనని, అన్నింటికంటె గట్టిదని గుర్తించినవాడు గనుకనే ఈయన ఈ విషయముపై ప్రత్యేకముగా రచన చేశాడని భావింపవచ్చును. నిస్తారమనగా దాటుట, తరించుట. నిస్తార రత్నాకరము పేరునకు తగినట్లు మోక్ష మార్గమును బోధిస్తుంది. శతకము తెలుగువారికి ప్రియమైన ప్రక్రియ. వేమన, సుమతి శతకములు బడిలో వల్లె వేసిన పాఠకునికి క్రీస్తును అదే రూపములో పరిచయము చేయుట ఈ శతకము ఉద్దేశము.

మరణము

పురుషోత్తమ చౌదరి 1890 ఆగష్టు 24న మరణించాడు. అప్పటికి ఎనుబది ఆరు సంవత్సరములు నిండి, ఎనుబది ఏడవ పుట్టిన రోజుకు పండ్రెండు దినములు మిగిలియున్నవి. బాప్తిస్మము తరువాత ఈయన ఏబది ఆరు సంవత్సరములకు పైగా జీవించాడు. అనగా వదలిన జీవితము కంటె ఎన్నుకున్న జీవితమే ఎక్కువ కాలము సాగినది.

ఆ తరువాతి కాలము

ఈయన జీవితపు చివరి దశలో ఈ తీరమునకు కెనడా బాప్తిస్టు మిషనరీలు వచ్చారు. కెనడా తూర్పు తీర రాష్ట్రముల బాప్తిస్టులు సయాం దేశములో పని ప్రారంభించి, 1875లో తెలుగు దేశమునకు తరలినారు. భీమునిపట్నం, బొబ్బిలి, శ్రీకాకుళం కేంద్రములుగా మొదలైన వారి పని క్రమముగా పాలకొండ, టెక్కలి, పర్లాకిమిడి, సోంపేటలకు విస్తరించినది. సోంపేటలోని ఆరోగ్యవరం వైద్యశాల కంటి వైద్యమునకు పేరు పొందినది. అక్కడ పని చేసిన డాక్టర్ బెన్ గలిసన్ సేవల నుండియే 1963లో ఆపరేషన్ ఐసైట్ అను అంతర్జాతీయ సంస్థకు అంకురార్పణ జరిగినది. ఈ మిషను ద్వారా ఏర్పడిన సంఘములు ఉత్తర సర్కారుల బాప్తిస్టు సంఘముల సమాఖ్యలో భాగములుగా ఉన్నవి.

ఈ సంఘములకు మిషనరీలు రాకముందే పాడుకొనుటకు తెలుగు కీర్తనలు సిద్ధముగా ఉన్నవి. టెక్కలి తాలూకాలో పుట్టిన కవి పాటలు గోదావరి, కృష్ణా, నెల్లూరు, రాయలసీమ, తెలంగాణ ప్రాంతముల సంఘములకు కూడ చేరినవి. బాప్తిస్టు, లూథరన్, ఆంగ్లికన్ మొదలైన శాఖల మధ్య సిద్ధాంత భేదములు ఉన్నను, కీర్తనల పుస్తకము వారందరికీ ఉమ్మడి ఆస్తి అయినది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి కొన్ని శాఖలు ఏకమగుటకు చాల ముందే తెలుగు క్రైస్తవులు ఒకే పాటలను పాడుచుండిరి.

విశిష్టత

పురుషోత్తమ చౌదరి జీవితమును గూర్చి రెండు విధములైన అభిప్రాయములు వినిపిస్తాయి. భక్తులు ఈయనను సర్వమును త్యజించిన శిష్యునిగా కీర్తిస్తారు. పాశ్చాత్య మిషనుల ప్రభావమును విమర్శించువారు ఇటువంటి మత మార్పిడులు కుటుంబములను చీల్చినవని ఎత్తి చూపుతారు. రెండు మాటలలోను సత్యము కలదు. ఈయన నిర్ణయము ఇంటివారికి బాధ కలిగించినది. ఆ నిర్ణయమే తెలుగు భాషకు ఒక కీర్తన సంపదను ఇచ్చినది.

దేవునికి మొదటి స్థానము నిచ్చుట వలన మిగిలినవన్నీ నశించిపోవని ఈయన చరిత్ర తెలియజేస్తుంది. కులమును, పిత్రార్జితమును వదులుకున్నాడు, అవి తిరిగి రాలేదు. భార్య తిరిగి తోడైనది. పేరు, భాష, రాగము, తాళము, పుట్టిన తీరము చివరి వరకు ఈయనతోనే ఉన్నవి. అవి ఈయనను పాలించుట మాని ఈయన సేవకు సాధనములైనవి. ఆదివారపు ఆరాధనలో ఈయన కీర్తనను అందుకొను సామాన్య విశ్వాసికి ఈ వివరములు తెలియకపోవచ్చును. అయినను ఆ పాట వెనుక ఒక ఇల్లు, ఒక వారసత్వము, ఇచ్ఛాపురం మీదుగా సాగిన ఒక దీర్ఘ ప్రయాణము ఉన్నవి.